ఆఫ్రికా ఆయుర్దాయంలో 22 ఏళ్ల తేడా ఏ వయసులో పుడుతోంది?

సంపాదకుల వారికి నమస్కారం.

దేశాలవారీ ఆయుర్దాయం లెక్కలు వెలువడినప్పుడల్లా పత్రికల్లో ఆఫ్రికా పటం ఒకటి వస్తుంది. పైన అల్జీరియా, ట్యునీషియా ముదురు రంగులో ఉంటాయి. మధ్యలో నైజీరియా, చాద్ వెలిసిపోయిన రంగులో కనిపిస్తాయి. పక్కన, నైజీరియాలో మనుషులు సగటున 54 ఏళ్లకే చనిపోతున్నారని ఒక వాక్యం. అంకె సరైనదే. ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం 2024లో విడుదల చేసిన లెక్కల్లో, 2023 సంవత్సరానికి నైజీరియా ఆయుర్దాయం దాదాపు 54.5 ఏళ్లు, అల్జీరియాది 76.3. ఒకే ఖండంలో దాదాపు 22 ఏళ్ల తేడా. చిక్కంతా ఆ వాక్యంతోనే. అది చదివినవారు నైజీరియాలో 55 దాటిన మనిషి కనిపించడమే అరుదనుకుంటారు. కాస్త తెలిసినవారు, అదంతా పసిపిల్లల మరణాల వల్లే, పెద్దలయ్యాక అందరూ బాగానే బతుకుతారంటారు. రెండూ తప్పే. ఆ తేడా ఏ వయసులో పుడుతోందో చెప్పకుండా అంకె ఒక్కటే అచ్చువేస్తే పాఠకుడికి దక్కేది జాలి తప్ప అవగాహన కాదు.

ముందు ఆ అంకె ఎలా తయారవుతుందో చూద్దాం. లక్ష మంది శిశువులు ఒకేసారి పుట్టారని ఊహిస్తారు. ఆ ఏడాది ఆ దేశంలో ఏడాదిలోపు పిల్లలు ఏ రేటున చనిపోయారో ఆ రేటు ముందు వర్తింపజేస్తారు. మిగిలినవారికి ఒకటి నుంచి నాలుగేళ్ల వయసు రేటు, ఆ తర్వాత ఐదేసి ఏళ్ల చొప్పున ఒక్కో రేటు, ఇలా చివరి మనిషి దాకా తీసేస్తూ పోతారు. అందరూ కలిసి బతికిన ఏళ్లన్నీ కూడి లక్షతో భాగిస్తే వచ్చేదే ఆయుర్దాయం. దీన్నే జీవిత పట్టిక అంటారు. ఈ ఏడాది పరిస్థితే ఆ పిల్లలకు జీవితాంతం ఉంటుందన్న ఊహ ఇందులో దాగి ఉంది. రువాండాలో 1994 మారణహోమం జరిగిన ఏడు ఆయుర్దాయం 15 ఏళ్ల లోపుకు పడిపోయింది. ఆ ఏడు పుట్టి బతికి బట్టకట్టిన పిల్లలకు ఇప్పుడు 30 ఏళ్లు దాటాయి. అంకె చెప్పింది ఆ ఏడాది జరిగిన ఘోరం గురించి.

కాగితం మీద చిన్న లెక్క వేస్తే మిగతాది తేటపడుతుంది. 100 మంది పుట్టారు. పది మంది ఐదేళ్లలోపే పోయారు, వాళ్లు సగటున ఒక్కో ఏడాది బతికారనుకుందాం. మిగతా 90 మంది సగటున 66 ఏళ్లు బతికారు. మొత్తం 5,950 ఏళ్లు, తలకు 59.5. ఇప్పుడు పిల్లల మరణాలు పది నుంచి రెండుకు తగ్గాయి, పెద్దల విషయంలో ఏ మార్పూ లేదు. మొత్తం 6,470 ఏళ్లు, తలకు 64.7. పెద్దవాళ్లలో ఒక్కరికి కూడా ఒక్క రోజు ఆయుష్షు పెరగకుండానే దేశం ఆయుర్దాయం ఐదేళ్లు పెరిగింది.

ఇదే లెక్కను నైజీరియాకు వెనక్కి నడిపించండి. అక్కడ 2023-24లో జరిగిన జనాభా, ఆరోగ్య సర్వే ప్రకారం పుట్టిన 1,000 మందిలో 110 మంది ఐదో పుట్టినరోజు చూడటం లేదు. 1,000 మందికి తలకు 54.5 చొప్పున 54,500 ఏళ్లు. అందులోంచి, పోయిన పిల్లలు ఏడాది చొప్పున బతికిన 110 ఏళ్లు తీసేసి మిగిలిన 890 మందికి పంచితే 61 వస్తుంది. అల్జీరియాలో 1,000కి 22 మంది చొప్పున పోతున్నారు, అక్కడ ఇదే లెక్కకు 78 వస్తుంది. అంటే ఐదేళ్లు దాటినవారిని మాత్రమే పోల్చినా తేడా 17 ఏళ్లు. మొత్తం 22 ఏళ్లలో పసిపిల్లల వాటా ఐదు. ఇది మోటు లెక్కే, మరణించిన పిల్లలు సరిగ్గా ఏడాదే బతికారన్నది ఊహ. అయినా పెద్దల మరణాలను పక్కనపెట్టి ఆఫ్రికా ఆయుర్దాయం గురించి మాట్లాడటం కుదరదని చెప్పడానికి ఈ మాత్రం చాలు.

అయితే ఆ 17 ఏళ్ల అంకె ఎంత గట్టిది? ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నైజీరియాలో మరణాల్లో అత్యధికం ఎక్కడా నమోదు కావు. చివరి జనగణన 2006లో జరిగింది. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో అయితే 1984 తర్వాత జనగణనే లేదు. మారిషస్, సీషెల్స్ లాంటి ద్వీపాలు, దక్షిణాఫ్రికా, ఈజిప్టు లాంటి కొన్ని దేశాలు తప్పిస్తే ఖండంలో ఎక్కువ భాగానికి మరణాల రిజిస్టరు మీద ఆధారపడి లెక్క కట్టే వీలు లేదు. అందుకే సర్వేలు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను కూర్చోబెట్టి, కన్న ప్రతి బిడ్డ గురించీ అడుగుతారు. ఏ నెల, ఏ సంవత్సరం పుట్టింది, ఇప్పుడు ఉందా, లేకపోతే ఏ వయసులో పోయింది. నెలలోపు పోతే రోజుల్లో, రెండేళ్లలోపు పోతే నెలల్లో, ఆపైన ఏళ్లలో రాసుకోవాలన్నది నిబంధన.

పొరపాట్లు ఎక్కడెక్కడ దొర్లుతాయో కూడా బాగా తెలిసినవే. పదో నెలలో పోయిన బిడ్డను తల్లి "ఏడాది పిల్ల" అంటుంది, పట్టికలో 12 నెలల దగ్గర మరణాలు గుట్టపడతాయి, ఏడాదిలోపు మరణాలు తక్కువగా కనిపిస్తాయి. పుట్టిన రోజే పోయిన బిడ్డ అసలు ప్రస్తావనకే రాకపోవచ్చు. ఆ తల్లులను తప్పుపట్టాల్సింది ఏమీ లేదు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఒక బరువు. ఇంకొకటి సర్వే చేసేవారి వైపు నుంచి వస్తుంది. ఇటీవలి కొన్నేళ్లలో పుట్టిన పిల్లల గురించి టీకాలు, విరేచనాలు, జ్వరం అంటూ అదనంగా పేజీలకు పేజీలు నింపాలి. ఆ పని తప్పించుకోవడానికి బిడ్డ పుట్టిన సంవత్సరాన్ని గడువుకు అవతలికి ఒక ఏడాది జరిపేస్తారు. ఆ జరపడంతో ఇటీవలి మరణాలు పాత కాలం ఖాతాలో పడతాయి.

పెద్దల మరణాలకైతే ఇంత ఆధారం కూడా లేదు. "మీ అమ్మ కడుపున పుట్టినవాళ్లు ఎంతమంది, ఎవరెవరు ఉన్నారు, పోయినవారు ఎన్నేళ్ల కిందట, ఏ వయసులో పోయారు" అని అడుగుతారు. తోబుట్టువులందరూ పోయిన కుటుంబంలో చెప్పడానికి మనిషే మిగలడు. ఊరు విడిచి వెళ్లిన అన్న కబురు తెలియక "ఉన్నాడు" అనేస్తారు. అక్కడికి వచ్చిన సమాచారాన్ని మంచి రికార్డులున్న దేశాల లెక్కల నుంచి తయారైన నమూనా జీవిత పట్టికలతో జోడించి మిగతా వయసులకు అంచనా కడతారు. ఏ నమూనా ఎంచుకున్నారన్న దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. ఐరాస జనాభా విభాగం నైజీరియాకు 54.5 అంటుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సొంత అంచనాలో అది 60 దాటింది. ఒకరిది అబద్ధమని కాదు, పిల్లల లెక్కలో ఇద్దరికీ పెద్ద భేదం లేదు, భేదమంతా నమోదు కాని పెద్దల మరణాల దగ్గరే. నైజీరియా, చాద్‌లలో ఎవరిది చిట్టచివరి స్థానమన్న శీర్షిక అందుకే పనికిమాలినది. ఆ స్థానం సర్వే మారితే మారుతుంది.

అంకెల సంగతి అలా ఉంచి, ప్రాణాలు ఎలా పోతున్నాయో చూద్దాం. ఆఫ్రికాలో ఉన్నది ఒకే తేడా కాదు. పశ్చిమాన, సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న సాహెల్‌లో పిల్లలు, బాలింతలు. దక్షిణాన 25 నుంచి 50 ఏళ్ల మధ్యవారు. ఉత్తరాన వయసు మళ్లినవారు. మూడింటికి మూడు మందులు.

పశ్చిమాఫ్రికా పిల్లల విషయంలో మొదటి ముద్దాయి మలేరియా. 2022లో ప్రపంచంలో మలేరియా మరణాలు 6,08,000 అని అంచనా, అందులో దాదాపు 95 శాతం ఆఫ్రికాలోనే, నైజీరియా ఒక్కదానిదే దాదాపు మూడో వంతు. మొరాకో 2010లో, అల్జీరియా 2019లో, కేప్ వెర్డీ, ఈజిప్టు 2024లో మలేరియా లేని దేశాలుగా గుర్తింపు పొందాయి. ఉత్తరాన వానలు తక్కువ, అక్కడి దోమ జాతులు మనిషిని అంతగా వెంటాడవు, ఆ కొద్దిపాటి వ్యాప్తిని తుంచడం సాధ్యమైంది. సాహెల్‌లో అలా కాదు. అక్కడ ఏడాది మొత్తం కేసుల్లో ఎక్కువ భాగం నాలుగు నెలల వానాకాలంలోనే విరుచుకుపడతాయి. ఈ లక్షణాన్నే ఆసరా చేసుకుని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పద్ధతిని సిఫారసు చేసింది. జబ్బు రాకముందే, ఆ నెలల్లో, 3 నుంచి 59 నెలల పిల్లలందరికీ నెలకోసారి మందు ఇవ్వడం.

చెప్పినంత తేలిక కాదు, చేసే తీరు చూడండి. మొదటి రోజు ఆరోగ్య కార్యకర్త ఎదుటే రెండు మాత్రలు. ఒకటి సల్ఫడాక్సిన్, పైరిమెథమిన్ కలిసినది, రెండోది అమోడియాక్విన్. ఏడాది దాటిన పిల్లలకు 500, 25 మిల్లీగ్రాముల మొదటి మాత్ర, 153 మిల్లీగ్రాముల రెండోది. ఏడాదిలోపు వారికి అందులో సగం. నీళ్లలో కరిగించి తాగిస్తారు. అరగంట అక్కడే ఉండాలి, ఈలోపు కక్కితే మళ్లీ తాగించాలి. రెండు, మూడు రోజుల అమోడియాక్విన్ మోతాదులు తల్లి చేతికిచ్చి పంపుతారు. 28 రోజులకు మళ్లీ ఇదే. జ్వరంతో ఉన్న బిడ్డకు ఇవ్వకూడదు, ముందు పరీక్ష చేయాలి, మలేరియా ఉంటే అసలు చికిత్స వేరు. హెచ్‌ఐవీ వల్ల కోట్రైమాక్సజోల్ అనే మందు వాడుతున్న పిల్లలకు కూడా ఇవ్వకూడదు, రెండింటిలోనూ సల్ఫా ఉంది.

దెబ్బతినేది ఎక్కువగా రెండో రోజు, మూడో రోజు. అమోడియాక్విన్ చేదు. బిడ్డ ఉమ్మేస్తుంది, వాంతి చేసుకుంటుంది, నీరసపడుతుంది, తల్లి భయపడి మిగతా మాత్రలు పక్కన పెడుతుంది, లేదా ఇంట్లో జ్వరం వచ్చిన ఇంకొకరి కోసం దాచుకుంటుంది. మొదటి రోజు పట్టికలో మాత్రం ఆ బిడ్డ పేరు పక్కన టిక్కు ఉంటుంది. కార్యకర్త మూడో రోజు మళ్లీ గుమ్మం తొక్కే చోట, మాత్రలు ఇచ్చేటప్పుడే వాంతి సంగతి విడమరచి చెప్పే చోట ఫలితం బాగుంటుంది. దోమతెరలదీ ఇదే కథ. ఇద్దరికి ఒక తెర చొప్పున మూడేళ్లకోసారి పంచుతారు, కానీ చాలా తెరలు మూడేళ్లు నిండకముందే చిరుగుతాయి, పైగా వాటిమీది పైరెథ్రాయిడ్ మందుకు దోమలు లొంగడం మానేశాయి. ఇంకో మందు కూడా కలిపిన కొత్త తెరలు అందుకే వచ్చాయి. 2024 జనవరిలో కామెరూన్ మొదలుపెట్టిన మలేరియా టీకా వీటికి తోడు మాత్రమే, బదులు కాదు.

బాలింతల సంగతికి వస్తే, లక్ష కాన్పులకు నైజీరియాలో 2023 అంచనా 993 మరణాలు. మొరాకో నుంచి ఈజిప్టు దాకా ఉత్తరాఫ్రికా దేశాలన్నింటిలో 100 లోపే. పెద్ద కారణం కాన్పు తర్వాత రక్తస్రావం. ఇక్కడ పొరపాటు కంటి దగ్గర జరుగుతుంది. గుడ్డల్లో, నేలమీద, గిన్నెలో చెదిరిన రక్తాన్ని చూసి నర్సు 300 మిల్లీలీటర్లు అనుకుంటుంది, నిజానికి 600 పోయి ఉంటుంది. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం నైజీరియా, కెన్యా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 80 ఆసుపత్రుల్లో జరిగింది. అందులో వాడిన సాధనం కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి. తల్లి నడుము కింద పరిస్తే రక్తం అందులోకి జారుతుంది, గీత 500 దాటగానే ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా గర్భసంచి మర్దన, దాన్ని బిగించే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్, సెలైన్, చిరుగులేమైనా ఉన్నాయేమో పరీక్ష, అన్నీ ఒకదాని వెంట ఒకటి కాకుండా ఒక్కసారే మొదలుపెడతారు. తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం కలిపి 60 శాతం తగ్గాయి. ఇక్కడా ఒక బలహీనమైన లంకె ఉంది. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు నిలవని ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ ఆగిపోతే సీసాలో మందు ఉంటుంది, దానిలో పని ఉండదు. అదే పని చేసే, వేడికి చెడని కార్బెటోసిన్ ఇలాంటి చోట్లకే కావాలి.

దక్షిణాన బొమ్మ పూర్తిగా వేరు. 1980ల మధ్యలో జింబాబ్వే ఆయుర్దాయం 60 దగ్గర ఉండేది, 2000 తర్వాత 45 దరిదాపులకు జారింది. ఎస్వాటినీ అంతకన్నా కిందికి పోయింది. ఎయిడ్స్ సంపాదించే వయసువారిని తీసుకుపోయింది, అందుకే ఆయుర్దాయం అంత నిట్టనిలువుగా కూలింది. ముప్పై ఏళ్ల మనిషి పోతే పట్టికలో 35, 40 ఏళ్లు ఒక్కసారిగా పోతాయి. బోట్స్వానా 2002లో ప్రభుత్వ ఖర్చుతో మందులివ్వడం మొదలుపెట్టింది, ఇప్పుడు 69 దగ్గర ఉంది. దక్షిణాఫ్రికాలో ప్రభుత్వ పెద్దలే వైరస్‌ను శంకిస్తూ కూర్చోవడంతో విలువైన ఏళ్లు వృథా అయ్యాయి. వైరస్ బిడ్డకు సోకకుండా కాన్పు నొప్పుల వేళ తల్లికి ఒక నెవిరాపిన్ మాత్ర, బిడ్డకు కొన్ని చుక్కలు ఇవ్వాలంటే 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించాల్సి వచ్చింది. ఆ జాప్యానికి బలైనవారిని తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

2000 ప్రాంతంలో ఎయిడ్స్ చికిత్సకు మనిషికి ఏడాదికి 10,000 డాలర్లు అయ్యేది. 2001లో భారతీయ మందుల కంపెనీ సిప్లా 350 డాలర్లకు ఇస్తామంది. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ కలిసిన రోజుకొక్క మాత్ర ఏడాదికి 45 డాలర్ల లోపు. దీన్ని తయారుచేసే కంపెనీల్లో హైదరాబాద్‌వి కూడా ఉన్నాయి. మందు ఉన్నా ఆగేది ఎక్కడంటే, నెలనెలా కొండ దిగి ఆసుపత్రికి రాలేక మానేసేవారి దగ్గర. అందుకే 90 మాత్రల సీసాలు ఇచ్చి మూడు నెలలకోసారి రమ్మంటున్నారు, రక్తంలో వైరస్ పరిమాణం కొలిచి మందు పనిచేస్తోందో లేదో తేల్చుకుంటున్నారు. ఇంత చేసినా, దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న కొండల దేశం లెసోతో 57 దగ్గరే ఉంది. హెచ్‌ఐవీకి టీబీ తోడైంది, దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో రాతిధూళి పీల్చిన ఊపిరితిత్తులు ఆ టీబీకి లొంగిపోతాయి, ఆపై హత్యలు, ఆత్మహత్యలు. లెసోతోనూ చాద్‌నూ ఒకే రంగు పూసిన పటం ఈ సంగతి దాచేస్తుంది.

ఉత్తరాన మిగిలినవి గుండె జబ్బు, షుగరు, పొగాకు. ఈజిప్టు ఆయుర్దాయం 71.6, ట్యునీషియాకు ఐదేళ్లు వెనక. అక్కడి కాలేయ వ్యాధులకు ఒక విషాద చరిత్ర ఉంది. నైలు కాలువల్లో వ్యాపించే బిల్హార్జియా అనే పురుగు జబ్బుకు 1950ల నుంచి 80ల దాకా ఊరూరా సూదిమందు వేశారు. సిరంజిలు సరిగా మరిగించకుండా మళ్లీ మళ్లీ వాడారు. ఒక జబ్బు మాన్పబోయి లక్షలాది మందికి హెపటైటిస్ సి అంటించారు. దాన్ని దిద్దుకున్న తీరు మాత్రం మెచ్చుకోదగ్గది. 2018 అక్టోబరు నుంచి ఏడు నెలల్లో దాదాపు 5 కోట్ల మందిని పరీక్షించి, ఉన్నవారికి ఉచితంగా మాత్రలిచ్చారు.

డబ్బుంటే ఆయుష్షు అదే వస్తుందన్న మాట కూడా ఈ ఖండంలో నిలవదు. చమురు దొరికిన ఈక్వటోరియల్ గినీ 64 దగ్గర ఆగింది. దక్షిణాఫ్రికా 66. దానికన్నా ఎన్నో రెట్లు పేదవైన ఇథియోపియా 67, రువాండా 68. రువాండాలో 2000 సర్వేలో 1,000 మందికి 196 మంది పిల్లలు ఐదేళ్లలోపు పోయేవారు, 2019-20 నాటికి 45. ప్రతి ఊళ్లో గ్రామస్తులే ఎన్నుకున్న ఆరోగ్య కార్యకర్తలు మలేరియా, న్యుమోనియా, విరేచనాలకు గుమ్మంలోనే మందిస్తారు. ఎక్కువ మంది ఏడాదికింత అని కట్టి బీమాలో ఉంటారు, నిరుపేదలకు ప్రభుత్వమే కడుతుంది. ఆఫ్రికా దేశాలన్నీ బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని 2001లో ప్రమాణం చేసింది నైజీరియా రాజధాని అబూజాలోనే. నైజీరియా కేంద్ర బడ్జెట్ మాత్రం 5 శాతం చుట్టూనే తిరుగుతోంది.

ఇంతా రాసింది ఒక విన్నపం కోసం. ఆయుర్దాయం పటం వేసినప్పుడు దాని పక్కన ఇంకో రెండు అంకెలు వేయండి. 1,000 మంది శిశువుల్లో ఐదేళ్లలోపు పోయేవారెందరు, 15 ఏళ్లు నిండిన 1,000 మందిలో 60 లోపు పోయేవారెందరు. రెండూ అందరికీ అందుబాటులో ఉన్న లెక్కలే. చాద్‌కు మొదటిది, లెసోతోకు రెండోది ఎత్తుగా కనిపిస్తాయి, పాఠకుడికి ఇక వివరణ అక్కర్లేదు. వీటి కింద చిన్న అక్షరాల్లో ఇంకో పంక్తి కూడా ఉండాలి, ఆ దేశంలో చివరిసారి లెక్కించింది ఎప్పుడని. 1984 నుంచి అమెరికా సాయంతో నడిచిన ఆ ఇంటింటి సర్వేల కార్యక్రమానికి 2025 ఫిబ్రవరిలో ఆ సాయం ఆగిపోయింది. తల్లులను అడిగి రాసుకున్న జవాబులు ఇకముందు అరుదు కావచ్చు, అంచనాలు మాత్రం ఏటా వస్తూనే ఉంటాయి. ఆ పంక్తిలో నైజీరియా ఎదురుగా సర్వే 2023-24 అని, కాంగో ఎదురుగా జనగణన 1984 అని అచ్చయితే, పై అంకెను ఎంత నమ్మాలో చదివేవారే తేల్చుకుంటారు.

ఇట్లు,
ప్రజారోగ్య గణాంకాల అధ్యాపకులు